గుమాస్తా కబుర్లు: గునపం దొరికింది, తాళంచెవి మాటేమిటి?



ఇన్నాళ్ళూ ఈ పేజీలో ఇతరుల పొరపాట్లను గురించి మేము బహు తేలికగా వ్రాస్తూ వచ్చాము. రేషను కార్డులో పేరు తప్పు పడినవారు, బీమా కాగితం పోగొట్టుకున్నవారు, చీటీ కట్టి చేతులు కాల్చుకున్నవారు, అందరూ మా కలానికి చిక్కినవారే. ఈ నెల వంతు మాకే వచ్చింది. తప్పు మాది, సిగ్గూ మాదే. ఐనా వ్రాస్తున్నాము. ఎందుకంటే మన షోలాపురం పేటల్లో ఈనాడు కంప్యూటరు ముందు కూర్చోని గుమాస్తా లేడు. మగ్గం మీద బతికిన మన ఇళ్ళల్లో ఇప్పుడు ఇంటికొక్క పిల్లవాడో పిల్లో అటువంటి కుర్చీలో కూర్చొనే జీతం తెస్తున్నారు. మాకు జరిగినది వారికి జరగకూడదని మా ఆశ.

మా ఆఫీసు దుప్పట్లూ తువ్వాళ్ళూ నేయించి అమ్మే ఒక కార్ఖానాకు చెందినది. మరమగ్గాలు అక్కల్‌కోట రోడ్డు వైపు, లెక్కల గది పేటలో. ఆ గదిలో ఏడు కంప్యూటర్లు, వాటన్నింటికీ పెద్దన్నగా మూలన ఒక సర్వరు. మెట్రిక్ పాసై మేము పనిలో చేరిన కొత్తలో ఎర్రబట్ట అట్టవేసిన ఖాతా పుస్తకాలు వుండేవి. రాత్రి వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి సేటుగారి చేతిలో పెట్టేవారము. ఇప్పుడు ఆ పుస్తకాలన్నీ సర్వరులోకి పోయినవి. తాళంచెవి కూడా మాటల్లోకీ అంకెల్లోకీ మారిపోయింది. చేతికి తగలని వస్తువు పోయినప్పుడు పోయినట్టు కూడా తెలియదు. అదే అసలు చిక్కు.

ఒక గురువారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, మా మెయిలుకు ఒక ఉత్తరం వచ్చింది. తువ్వాళ్ళ ఆర్డరు, రేట్లు జతచేసిన కాగితంలో వున్నవి, వెంటనే చూడవలెనని. ఆర్డరు అనే మాట వింటే గుమాస్తాకైనా నోరూరుతుంది. ఆ కాగితం నొక్కాము. కాగితం తెరుచుకోలేదు. నల్లటి చిన్న కిటికీ ఒకటి తెరమీద రెప్పపాటు మెరిసి మాయమయింది. మళ్ళీ నొక్కాము, ఏమీ కాలేదు. పాడు ఉత్తరమనుకొని ఇంటికి పోయాము. లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నమాట నిజం. ఐతే ఏమని చెప్పడం? ఏదో నొక్కాము, ఏదో మెరిసింది అంటే సేటుగారు ఏమంటారు? రెండేండ్ల క్రితం బిల్లులో ఒక సున్న ఎక్కువ వేసిన కుర్రవాణ్ణి ఆ పొద్దే ఇంటికి పంపిన సంగతి మా కళ్ళముందు జరిగినదే.

మరునాడు శుక్రవారం. పొద్దున ఆఫీసు తెరిచేది మేమే. సర్వరు తెరమీద కాపలా ప్రోగ్రాము ఒక చీటీ పెట్టి వున్నది: అపాయకరమైన వస్తువు దొరికింది, బంధించాము అని. దాని జాతి పేరు హాక్‌టూల్, ఇంటిపేరు మిమికాట్జ్. మేము తొలగించే మీట నొక్కి హమ్మయ్య అనుకున్నాము. దొంగ వచ్చాడు, కాపలావాడు పట్టుకున్నాడు, కథ కంచికి పోయింది. నిన్నటి నల్ల కిటికీకీ నేటి చీటీకీ సంబంధం వున్నదేమోనని మనసు అంటూనే వున్నది. మనసును కసిరి కూర్చోబెట్టాము.

మధ్యాహ్నం ప్రింటరు మొరాయిస్తే బాగుచేసే కుర్రవాణ్ణి పిలిచాము. మన పేట పిల్లవాడే. ఏడు కంప్యూటర్ల మంచిచెడ్డలూ అతనే చూస్తాడు. పనిలో పనిగా సర్వరు ముందు కూర్చొని, కాపలా ప్రోగ్రాము పాత చీటీలన్నీ తిరగవేసి, ముఖం మార్చాడు. ఇది ఎవరు తీసివేశారని అడిగాడు. మేమే తీశామనీ, దొరికింది గనుక పీడ పోయింది గదా అనీ చెప్పాము.

"గునపం దొరికింది మామా. తాళంచెవులు ఎన్ని పోయినయో ఎవరన్న చూసిన్రా?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ నెల పేజీ యావత్తూ వ్రాస్తున్నాము.

గునపం సంగతి ముందు చెప్పుకోవాలి. మిమికాట్జ్‌ను తయారుచేసినవాడు దొంగ కాదు. బెంజమిన్ డెల్పీ అనే ఫ్రెంచివాడు. విండోస్ కంప్యూటరు మన పాస్‌వర్డులను తన జ్ఞాపకంలో ఎంత అజాగ్రత్తగా పెట్టుకున్నదో చూపడానికి 2011లో దాన్ని లోకం ముందు పెట్టాడు. 2013లో వచ్చిన విండోస్ 8.1 మొదలుకొని, పాస్‌వర్డును అక్షరాలా అట్లాగే జ్ఞాపకంలో వుంచే పాత అలవాటును మైక్రోసాఫ్టువారు మాన్పించారు. ఐనా ఆ గునపమూ, దాన్ని చూసి చేసిన మరికొన్ని గునపాలూ నేటికీ తిరుగుతూనే వున్నవి. తాళాల గట్టితనం పరీక్షించే ఉద్యోగులూ దాన్నే వాడుతారు, కన్నం వేసేవారూ దాన్నే వాడుతారు.

అది చేసే పని ఏమిటి? పొద్దున మనం పేరూ పాస్‌వర్డూ ఒక్కసారి కొడతాము. ఆ తరువాత ప్రింటరుగాని, సర్వరుగాని, పక్కగది ఫైళ్ళుగాని మళ్ళీ మళ్ళీ అడగవు. ఎందుచేతనంటే లోపల ద్వారపాలకుని వంటి ప్రోగ్రాము ఒకటి వున్నది. దాన్ని ఎల్‌సాస్ అంటారు. మన తాళంచెవి అచ్చును అతను నడుముకు కట్టుకొని, ప్రతి తలుపు దగ్గరా మన తరఫున చూపుతూ వుంటాడు. మిమికాట్జ్ వంటివి ఆ ద్వారపాలకుని నడుము తడుముతవి. అక్కడ అచ్చులు దొరికితే పాస్‌వర్డు ఏమిటో తెలియనక్కరలేదు. అచ్చు చూపితేనే కొన్ని తలుపులు తెరుచుకుంటవి.

మా కొంప ముంచిన మెలిక ఇక్కడ వున్నది. ద్వారపాలకుని నడుముకు మన తాళంచెవి ఒక్కటే వుండదు. ఆ కంప్యూటరులోకి వచ్చి, సరిగా బయటికి పోకుండా వున్నవారందరివీ వుంటవి. బుధవారంనాడు ప్రింటరు చూడవచ్చిన ఆ కుర్రవాడు మా కంప్యూటరులోకి తన పెద్ద పాస్‌వర్డుతో వచ్చి, పని ముగిశాక దాన్ని మూయకుండానే పోయాడు. అది సర్వరును కూడా తెరిచే పాస్‌వర్డు. ఖజానా తాళంచెవిని గుమాస్తా సొరుగులో మరచిపోయినట్టన్నమాట. పైగా మేము మా కంప్యూటరులో గుమాస్తాకు తగిన హోదాతో కాక, ఏది కావలిస్తే అది చేయగల యజమాని హోదాతో కూర్చొనేవారము. సాఫ్టువేరు ఎక్కించడానికి సులువని. మా చేతుల మీదుగా లోనికి వచ్చిన దొంగకు కూడా ఆ హోదాయే దక్కింది. మామూలు హోదాలో వున్నట్టయితే ఆ ద్వారపాలకుని నడుము మీద చెయ్యి వేయడం వాడికి అంత సులభమై వుండేది కాదు.

కుర్రవాడు గదిలో అందరినీ అడిగాడు: నిన్నా మొన్నా ఎవరైనా తెలియని కాగితం తెరిచారా అని. ఏడుగురమూ తలలు అడ్డంగా ఊపాము. ఊపినవారిలో మేమూ వున్నాము. ఇది వ్రాయడానికి చెయ్యి రావడంలేదు, ఐనా వ్రాయవలసినదే.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నామేగాని అన్నం సహించలేదు. ఏమయిందని ఇంటావిడ అడిగింది. చెప్పాము. ఆమె పుట్టింట నాలుగు మగ్గాలు ఆడిన మనిషి. కాసేపు ఊరకుండి, "పడుగుపోగు తెగితే మగ్గం ఆపుతరా, దాచిపెట్టి నేస్తరా?" అన్నది.

నేత తెలిసిన ఈ ఊళ్ళో ఆ మాటకు భాష్యం అక్కరలేదు. తెగిన పోగును చూసీ చూడనట్టు నేసుకుంటూ పోతే ఆ తప్పు అక్కడ ఆగదు. గుడ్డ పొడవునా గీతలాగా నడుస్తుంది. ఆపి ముడివేస్తే పోయేది ఒక్క నిమిషం. మేము అప్పటికి ఇరవై అయిదు గంటలు నేసి వున్నాము.

రాత్రి ఏడు గంటలకు సేటుగారి ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాము. ఆయన కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. కుర్రవాణ్ణి ఫోనుమీద పిలిచి, ముగ్గురమూ ఆఫీసు తెరిచాము. మరునాడు శనివారం, సాయంత్రం నాలుగింటికి నేతపనివారికీ, తువ్వాళ్ళ అంచులు కుట్టే ఆడవాళ్ళకూ వారం బట్వాడా. ఆ బట్వాడా సొమ్మంతా బ్యాంకు ఖాతాలో వున్నది. ఆ ఖాతా పాస్‌వర్డు మా కంప్యూటరు బ్రౌజరులో భద్రంగా దాచబడి వున్నది. ఎవరికి భద్రమో పాఠకులే ఆలోచించుకోవచ్చును.

ఆ రాత్రి కుర్రవాడు చేసిన పని మేము పక్కన నిలబడి చూసినదాన్ని వరుసగా చెబుతాము; ఎవరికైనా అక్కరకు రావచ్చును.

మొదట మా కంప్యూటరుకూ సర్వరుకూ నెట్ తీగలు ఊడదీశాడు. కరెంటు మాత్రం ఆపనివ్వలేదు. ఆపితే కంప్యూటరు జ్ఞాపకంలో మిగిలిన దొంగ అడుగుజాడలు చెరిగిపోతవట. తరువాత ఎవ్వరినీ మెయిలు వ్రాయనివ్వలేదు. మెయిలు పాస్‌వర్డు పోయివుంటే మన సలహాలన్నీ దొంగ కూడా చదువుతాడు గదా. అన్నీ ఫోనుమీదే మాట్లాడాలన్నాడు. ఆ తరువాత సర్వరు రాకపోకల చిట్టా తెరిచాడు. విండోస్ తన చిట్టాలో ప్రతి సంగతికీ ఒక అంకె వేస్తుంది. 4624 అంటే ఒకరు సరిగా లోనికి వచ్చారు. 4625 అంటే తప్పు పాస్‌వర్డు కొట్టి వెనుకకు పోయారు. 1102 అంటే ఎవరో చిట్టానే చెరిపివేశారు. ఖాతాలు వ్రాసి వ్రాసి జీవితం గడిపిన మాకు ఆ పుస్తకం చూడగానే అర్థమయింది. శుక్రవారం తెల్లవారుజామున రెండు గంటల పది నిమిషాలకు 4624. వచ్చినది కుర్రవాని పెద్ద పేరు. వచ్చిన చోటు మా కంప్యూటరు. ఆ వేళకు కుర్రవాడు తన ఇంట నిద్రలో వున్నాడు, మేము మా ఇంట నిద్రపట్టక వున్నాము.

అంతలో సేటుగారు తన ఫోనులో బ్యాంకు పేజీ తెరిచారు. కిందటిసారి ఈ ఖాతా తెరిచిన వేళ అని ఒక చిన్న పంక్తి అక్కడ వుంటుంది. మేము ఏనాడూ దాన్ని చదివిన పాపాన పోలేదు. శుక్రవారం తెల్లవారుజామున రెండూ ముప్ఫై అని వున్నది. సొమ్ము పంపవలసినవారి జాబితాలో ముక్కూ ముఖం తెలియని పేరు ఒకటి కొత్తగా చేరి వున్నది. ఓటీపీ లేకుండా ఎట్లా చేరింది? మా ఓటీపీ ఫోనుకే కాక మెయిలుకు కూడా వచ్చే ఏర్పాటు వున్నది. మెయిలు తాళంచెవీ పోయింది. కొత్తగా చేర్చిన పేరుకు వెంటనే పెద్ద మొత్తం పంపడానికి వీలులేకుండా ఆ బ్యాంకులో కొంత గడువు పెట్టి వున్నారు. ఆ గడువు ఇంకా తీరలేదు. మన అరవై ఇండ్ల బట్వాడా ఆ గడువు మీద నిలిచి వున్నది. సేటుగారు అప్పటికప్పుడు బ్యాంకు ఫోనుకు చెప్పి ఖాతాను స్తంభింపజేశారు.

సొమ్ము దక్కింది. దక్కించినది మా తెలివి ఎంతమాత్రమూ కాదు. మేము ఇంకొక రాత్రి నిద్రపోయివుంటే శనివారం నాలుగింటికి బట్వాడా కోసం నిలబడ్డవారి ముఖాలు మేము చూడవలసి వచ్చేది.

ఇది మా చిన్న ఆఫీసుకు వచ్చిన చిన్న జబ్బు. పెద్ద జబ్బులు ఎట్లా వుంటవో మనవారి ఊళ్ళోనే చూడవచ్చును. హైదరాబాదులో ఏ.పీ. మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సంగతి పత్రికల్లో చదివే వుంటారు. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు దాదాపు రెండువందల దొంగ మెయిళ్ళు వచ్చినవని పోలీసులు తేల్చారు. వాటిని నొక్కినవారు ఇద్దరే. ఆ ఇద్దరి కంప్యూటర్లలోకి, దూరాన్నుంచి నడిపించే ప్రోగ్రాము ఒకటీ, కొట్టిన ప్రతి అక్షరాన్నీ వ్రాసుకొనే ప్రోగ్రాము ఒకటీ చేరినవి. ఈ అక్షరాలు వ్రాసుకొనేదాన్ని కీలాగర్ అంటారు. మిమికాట్జ్ ద్వారపాలకుని నడుము తడిమితే, ఇది మన భుజం వెనుక నిలబడి చూస్తుంది. తోవ వేరైనా కాజేసే సరుకు ఒక్కటే. దొంగలు తొందరపడలేదు. రెండు నెలలపైన లోపలే వుండి, ఎవరి పాస్‌వర్డుకు ఎంత అధికారమో గమనించి, 2022 జనవరి నాల్గవ వారాంతపు సెలవుల్లో 12 కోట్ల రూపాయలకు పైగా తరలించారు. ఆ సొమ్ము వందకు పైగా ఖాతాల్లోకి చీలి, దేశం నలుమూలలా వందల ఏటీఎంలలో నగదై పోయింది. సైబరు జాగ్రత్తల విషయంలో నియమాలు పాటించలేదని రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

నవంబరుకూ జనవరికీ మధ్య వున్న ఆ రెండు నెలలను గురించే మేము పదేపదే ఆలోచిస్తున్నాము. నొక్కినవారి మీద మాకు కోపం లేదు; వారి కుర్చీలో మేమూ కూర్చున్నాము. తాళంచెవి పోవడానికి ఒక్క క్షణం పడుతుంది. సొమ్ము పోవడానికి రోజులో నెలలో పడుతుంది. ఆ నడుమ వున్న కాలమే మన చేతిలోది. ఆ కాలంలో ఒక్కరు నోరు తెరిచినా, ఒక్కరు చిట్టా తెరిచినా దొంగ పని చెడుతుంది. మన ఊళ్ళోనూ సహకార బ్యాంకులూ పతపేఢీలూ ఎన్ని వున్నవో, వాటిలో మన పిల్లలు ఎందరు పనిచేస్తున్నారో లెక్కవేసుకుంటే ఇది హైదరాబాదు కబురు మాత్రమే కాదని తెలుస్తుంది.

ఇంకొక ఉదంతం చెప్పి ముగింపుకు వస్తాము. ముంబయి పక్కనున్న న్హావా శేవా రేవులో 2017 జూన్ నెలాఖరున ఒక టెర్మినలు పని స్తంభించిపోయింది. దాన్ని నడిపేది డెన్మార్కుకు చెందిన మర్‌స్క్ సంస్థల వారు. జబ్బు పుట్టినది ఉక్రెయిన్‌లో, జూన్ 27న, లెక్కలు వ్రాసుకొనే ఒక సాఫ్టువేరు సవరణలో. నాట్‌పెట్యా అని దానికి పేరు. దాని పొట్టలో మిమికాట్జ్ వంటి గునపమే వున్నది. ఒక కంప్యూటరులో దొరికిన తాళంచెవులతో పక్కదాన్ని తెరవడం, అక్కడ దొరికినవాటితో దాని పక్కదాన్ని తెరవడం, ఇట్లా నడిచింది. మర్‌స్క్‌వారు 4,000 సర్వర్లనూ 45,000 కంప్యూటర్లనూ పది రోజుల్లో మళ్ళీ మొదటినుంచి నిలబెట్టుకోవలసి వచ్చిందని ఆ సంస్థ అధ్యక్షుడే చెప్పాడు. ఎవరు ఎవరో గుర్తుపట్టే వారి మూల చిట్టా ప్రతులన్నీ నాశనం కాగా, ఆఫ్రికాలోని ఘానా దేశంలో ఒక్క ప్రతి బతికింది. కారణం ఏమిటంటే ఆ వేళకు అక్కడ కరెంటు పోయి వున్నది! కరెంటు పోయిందని నిత్యం విసుక్కొనే మరమగ్గాలవారికి ఈ కబురు కొంత వింతగా వుంటుందని వ్రాశాము. ఐతే అందరికీ ఘానా అదృష్టం పట్టదు.

ఇక ఆఫీసుల్లో వున్న మన పిల్లలకు నాలుగు మాటలు.

గుర్తుపట్టడం ఎట్లా? నల్ల కిటికీ మెరిసి మాయమైతే అనుమానించాలి. కాపలా ప్రోగ్రాము తనంతట తాను ఆగిపోయి వుంటే అనుమానించాలి. మనం ఇంట్లో వున్న వేళలో మన పేరు ఆఫీసులోకి వచ్చినట్టు చిట్టాలో వుంటే, ఒకే పేరు ఒకేసారి రెండు చోట్ల కనబడితే, మనం చేర్చని కొత్త పేరు వాడుకదార్ల జాబితాలో చేరితే, అది దొంగే అనుకొని మొదలుపెట్టాలి. కాదని తరువాత తేలితే మంచిదే. కొన్ని ఆఫీసులవారు ఎవ్వరూ వాడని ఒక ఉత్తుత్తి పెద్దపేరు పెట్టి వుంచుతారట. ఎవరైనా ఆ పేరుతో తలుపు తట్టినారంటే తట్టినవాడు దొంగేనని రూఢి. వడ్లపాదులో ఎర పెట్టినట్టు.

పట్టుకున్న తరువాత? కాపలా ప్రోగ్రాము గునపాన్ని తీసివేసింది గదా అని ఊరుకోరాదు. అది వెళ్ళేలోపు ఏ కంప్యూటరులో ఎవరెవరు కూర్చున్నారో వారందరి తాళాలూ మార్చాలి. మార్చేది ఆ కంప్యూటరునుంచి కాదు. వేరే శుభ్రమైన దానినుంచి. పెద్ద అధికారం గల పాస్‌వర్డు ముందు, మెయిలు తరువాత, బ్యాంకు ఆ వెంటనే. ప్రతి చోటా, అన్ని పరికరాలనుంచీ బయటికి పంపు అనే మీట కూడా నొక్కాలి. ఎందుకంటే బ్రౌజరులో కుకీ అనే గేటుపాసు వుంటుంది. దాన్ని ఎత్తుకుపోయినవాడికి పాస్‌వర్డూ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. పాస్‌వర్డు మార్చినా కొన్నిచోట్ల ఆ పాసు చెల్లుతూనే వుంటుంది. దొంగ ప్రవేశించిన కంప్యూటరును తుడిచి, విండోస్‌ను మళ్ళీ మొదటినుంచి ఎక్కించాలి. అతుకులు వేసి వాడరాదు. బ్యాంకు సొమ్ముకు సంబంధించినదైతే బ్యాంకుకూ, 1930 నంబరుకూ అదే గంటలో ఫోను చేయాలి. సర్కారువారి సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ప్రకారం సంస్థలు ఇటువంటి చొరబాట్లను ఆరు గంటల్లోగా తెలియజేయాలి, రాకపోకల చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి. మా ఆఫీసు చిట్టా మూడు రోజులకే పాతవి చెరిపివేసుకొనేటట్టు వున్నదని ఆ రాత్రే తెలిసింది. ఇంకొక రెండు రోజులు మేము మౌనంగా వున్నట్టయితే ఆ రెండూ పది నిమిషాల పంక్తి కూడా మిగిలేది కాదు.

రాకుండా చూసుకోవడం? బాగుచేయవచ్చినవారు పని కాగానే తమ పేరు మూసిపోవాలి; ప్రతి కంప్యూటరుకూ వేరువేరు పెద్ద పాస్‌వర్డు వుండాలి. గుమాస్తా గుమాస్తా హోదాలోనే కూర్చోవాలి. బ్యాంకు పాస్‌వర్డు బ్రౌజరులో దాచరాదు. సొమ్ము పంపేటప్పుడు ఒకరు వ్రాస్తే ఇంకొకరు ఒప్పుకొనే ఏర్పాటు వుండాలి. విండోస్ 10కి మామూలు ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి; పాత కంప్యూటరు నడుస్తున్నది గదా అని ఊరుకున్న సేటుగార్లకు ఇది మనవి.

ఐతే ఈ జాగ్రత్తలన్నింటికంటె ముందు కావలసినది ఒకటి వున్నది. అది డబ్బుపెట్టి కొనేది కాదు. నొక్కినవాడు నొక్కానని చెప్పుకోగలగాలి. మా ఏడుగురిలో మేము నోరు మూసుకున్నది చెడ్డతనం చేత కాదు. ఉద్యోగ భయం చేత. నలభై దాటిన మెట్రిక్ గుమాస్తాకు ఇంకొక కుర్చీ ఎవరిస్తారు? పిల్ల కాలేజీ ఫీజు ఎవరు కడతారు? ఒక్క సున్నకు ఒక కుర్రవాణ్ణి తీసివేసిన రోజున ఆ ఆఫీసు ఒక పాఠం నేర్పింది. తప్పు దాచుకోవాలనే పాఠం. ఆ పాఠాన్ని మేము చక్కగా వంటబట్టించుకున్నాము. దొంగకు మా తాళంచెవికంటె మా మౌనమే ఎక్కువ పనికివచ్చింది.

శనివారం పొద్దున సేటుగారు అందరినీ పిలిచి నిలబెట్టారు. మా పేరు చెబుతారనుకొని తల వంచుకున్నాము. ఆయన పేరు చెప్పలేదు. "నొక్కినోళ్ళు ఆ గంటలనే చెప్పిన్రంటే ఒక్క పైస కోత లేదు. దాచిన్రంటే మాత్రం నేను ఊకోను" అన్నారు. అంతే. అప్పుడు మేమే ముందుకు వచ్చి నొక్కినది మేమేనని అందరి ముందూ చెప్పాము. కుర్రవాడు కూడా బుధవారంనాటి తన మరపును చెప్పాడు. అటుపైన జీతాల లెక్కలు చూసే అమ్మాయి, పోయిన నెల తనకూ ఇటువంటి ఉత్తరం వచ్చిందనీ, తానూ నొక్కిందనీ మెల్లగా అన్నది. ఆమె కంప్యూటరును కూడా ఆ పూటే తుడిచి కొత్తగా ఎక్కించారు.

బట్వాడా ఆ రోజు నాలుగింటికి బదులు ఆరున్నరకు జరిగింది. ఖాతా తాత్కాలికంగా ఆగి వున్నందున సేటుగారు నగదు తెచ్చారు. ఆలస్యమెందుకని అడిగిన ముసలాయనకు, పోగు తెగితే ముడివేస్తున్నామని చెప్పాము. ఆయన నవ్వి, డబ్బు రెండుమార్లు లెక్కపెట్టుకొని వెళ్ళిపోయాడు.

పాఠకులు ఈ ఆదివారం భోజనాల వేళ తమ పిల్లలను ఒక్క ప్రశ్న అడుగుతారని కోరుతున్నాము: మీ ఆఫీసులో ఏదైనా తప్పు నొక్కితే ముందు ఎవరికి ఫోను చేయాలో నీకు తెలుసునా అని. తెలియదంటే సోమవారం తెలుసుకొని ఆ నంబరును బల్లమీద అంటించుకొమ్మనండి. మా బల్లమీద అంటించి వుంది.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము. అంతవరకు సెలవు.